పాలు తూచే పని మీద మదనపల్లి నుంచి కుప్పం దాకా

చంటిపిల్లను ఇంట్లో వదిలి, ఊరుకాని ఊళ్ళో చంటిపిల్లల్ని తూచడానికి బయలుదేరాను నేను. అప్పటికి డెబ్బైల దశకం చివరికొచ్చింది. హైదరాబాదులో మేం పనిచేసే చోట తల్లిపాల మీద ఒక పరిశోధన నడుస్తోంది. వానలు ముఖం చాటేసిన మెట్ట ఊళ్ళలో, సంగటి ముద్ద తిని కూలికి పోయే తల్లికి పాలెన్ని పడుతున్నాయి, అవి బిడ్డకు చాలుతున్నాయా అన్నది తెలుసుకోవాలి. పద్ధతి తేలికే. బిడ్డను పాలు తాగకముందు ఒకసారి, తాగిన తర్వాత ఒకసారి తూచాలి. ఆ రెండు బరువులకూ ఉన్న తేడా ఎంతో, బిడ్డ తాగిన పాలు అంత. మందులివ్వకూడదు, సలహాలు చెప్పకూడదు. చెబితే తల్లి అలవాట్లు మారిపోతాయి, మా లెక్క చెడిపోతుంది. చూసి, తూచి, రాసుకుని రావాలి.

వెళ్ళవలసిన అమ్మాయికి టైఫాయిడ్ వచ్చింది. మా పెద్దాయన, అంటే పరిశోధన నడిపే డాక్టరుగారు, నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. మా వాణికి అప్పుడు ఎనిమిది నెలలు. ఇంటికొచ్చి చెబితే మా అత్తయ్య, "నాలుగు రోజులేగా, డబ్బాపాలు పడతాను, వెళ్ళిరా" అంది. ఎవరైనా వద్దంటారేమోనని చూశాను. ఎవరూ అనలేదు. రైల్లో కూర్చున్నాక నా ఒళ్ళు వద్దంది. వాణి పాలు తాగే వేళ కాగానే రొమ్ములు రాళ్ళలా గట్టిపడేవి. ఆ సలపరం తగ్గిందనుకునేలోపు మళ్ళీ వేళయ్యేది.

మదనపల్లి

మదనపల్లి రోడ్డు స్టేషన్లో దిగితే ఊరు ఇంకా ఎడంగా ఉంటుంది. ఎండాకాలంలో ఇక్కడ చల్లగా ఉంటుందని గొప్పగా చెప్పినవాళ్ళెవరూ చలికాలం సంగతి చెప్పలేదు. పొద్దున్నే మంచు, మొహానికి తువ్వాళ్ళు చుట్టుకున్న మనుషులు, పొగలు కక్కే టీ గ్లాసులు. హోటల్లో పావలాకు ఒక ఇడ్లీ. దాని మీద చెనిక్కాయల చట్నీ, అంటే వేరుశెనగ చట్నీ, మాత్రం ఎంత అడిగితే అంత. మా గుంటూరు వైపు అయితే ఇడ్లీని చూసి చట్నీ వేస్తారు.

నాకు తోడుగా వచ్చిన మనిషి పేరు మునెమ్మ. ఇక్కడి ఆరోగ్య కేంద్రంలో ఆయా. మా పరిశోధనలోని తల్లుల ఇళ్ళన్నీ ముందుగా తిరిగి, మాట తీసుకుని, మొదటి బరువులు రాసిపెట్టింది తనే. బస్సెక్కితే వాంతులు చేసుకుంటుంది, దిగితే ఎవరితోనో ఒకరితో తగువు పెట్టుకుంటుంది. పసిపిల్లల్ని తూచే తక్కెడ పెట్టెను నెత్తిన పెట్టుకుని నా ముందు నడిచింది.

అనపకాయల కాలం అది. ఏ గుమ్మం చూసినా ఆడవాళ్ళు నానిన గింజల్ని వేళ్ళ మధ్య పెట్టి పితుకుతూ, పొట్టు అటు, పప్పు ఇటు విసురుతూ కబుర్లాడుతున్నారు. ఆ పితికిపప్పు పులుసు మునెమ్మ వాళ్ళ ఇంట్లో సంగటితో తిన్నాను. సంగటిని నమలకూడదని తెలియక నమిలాను. పళ్ళకు అంటుకుని కాసేపు మాట రాలేదు. మునెమ్మ కోడలు నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది.

పెరట్లో గోడవైపు తిరిగి పాలు పిండుకుంటుంటే మునెమ్మ చూసింది.

"నేల మీద పొయ్యొద్దు మేడమ్మా. చీమలు తాగితే పాలు ఎండిపోతాయి. గోడకు పొయ్యి."

మా వైపు చెట్టు మొదట్లో పోస్తారు, ఎవరూ తొక్కకూడదని. ఆ గోడ మీద తెల్లగా జారిపోతున్న పాలను చూస్తూ నిలబడ్డాను. ఈ వేళకు వాణి డబ్బాపాలు తాగిందో లేదో అన్నది తప్ప వేరే ఆలోచన లేదు.

కురబలకోట వైపు

మర్నాడు కురబలకోట దగ్గరి పల్లెకు పోయాం. మమ్మల్ని చూడగానే నలుగురైదుగురు ఆడవాళ్ళు చంకబిడ్డలతో సహా మాయమైపోయారు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసేవాళ్ళం అనుకున్నారట. మునెమ్మ వీధి మధ్యన నిలబడి తన వంశమంతా చెప్పుకున్నాక ఒక్కొక్కరే తలుపులు తీశారు.

మేం వెతుకుతున్న ఇల్లు గొర్రెలు కాసే గంగులప్పది. ఆయన కోడలు లక్షుమ్మకు నాలుగు నెలల కొడుకు. తక్కెడను అరుగు మీద పెట్టగానే, మునెమ్మ ముందు వచ్చిననాడు మందతో బయటికి పోయి ఉన్న గంగులప్ప దాని చుట్టూ తిరిగి చూశాడు.

"ఇది తక్కెడ గదా తల్లీ?"

"అవునయ్యా."

"తూకం ఏసేది అమ్మేదానికి. మేము బిడ్డను అమ్మేది లేదే."

"నీ మనవణ్ణి ఎవురు కొంటారప్పా, ముక్కు సూడు ఎట్లా కారతాండాదో" అంది మునెమ్మ.

ఆయన నవ్వలేదు. మందలోంచి ఒక గొర్రెపిల్లను తెచ్చి పళ్ళెంలో పెట్టాడు. "ముందు దీన్ని తూయి. దీనికేం కాకపోతే మావోణ్ణి తూద్దువు." తూచాను. ఆ బరువు విని ఆయన ముఖం విప్పారింది. అంత ఉంటుందని ఆయనే అనుకోలేదు. ఆ సంతోషంలో ఉండగానే గొర్రెపిల్ల తక్కెడను తడిపేసింది. దాన్ని కడిగి, ఎండలో ఆరబెట్టి, మళ్ళీ సున్నాకు తెచ్చేసరికి పిల్లవాడు ఆకలికి తట్టుకోలేక తల్లి దగ్గర తాగేశాడు. ఇంకో పూట దాకా ఆ అరుగు మీద కూర్చోవలసి వచ్చింది.

అలా కూర్చున్నప్పుడే నా రవిక తడిసింది. కొంగు కప్పుకున్నా లక్షుమ్మ కనిపెట్టింది.

"నీ బిడ్డ యాడుండాది?"

"హైదరాబాదులో."

"పాలు తాగే బిడ్డను ఆడ ఇడిసిపెట్టి, నా బిడ్డ ఎన్ని పాలు తాగతాండాడో లెక్కేసేదానికి వచ్చినావా?"

ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. నిజంగా తెలియకే అడిగింది. ఈ లెక్కలు తేలితే గర్భిణులకు తిండి పెట్టించే పథకాలు వస్తాయనీ, రేపు నీలాంటి వాళ్ళకే మేలనీ చెప్పాను. చెప్పింది అబద్ధం కాదు. లక్షుమ్మ విని తల ఊపి, పిల్లవాణ్ణి భుజం మార్చుకుంది. అప్పటినుంచి నాకు ఒక చోట కూర్చోబుద్ధి కాలేదు. మునెమ్మ సంగటి తింటుంటే నేను వీధి చివరిదాకా నడిచి, వెనక్కి వచ్చి, మళ్ళీ నడిచాను.

పుంగనూరు

పుంగనూరు ఆవుల గురించి విని ఉంటారు. చూస్తేగానీ నమ్మలేం. ఆవు ఎదురొస్తుంటే దూడ అనుకున్నాను. నా నడుం దాకా కూడా లేదు. బస్సు దిగిన మునెమ్మ ఒక రాయి మీద కూర్చుని కడుపు సర్దుకుంటుంటే, ఆ ఆవు వచ్చి తన కొంగు నమలడం మొదలుపెట్టింది. ఆ ఊళ్ళో నేను నవ్విన నవ్వు అదొక్కటే.

మేం వెళ్ళవలసింది రాగి, ఇత్తడి గిన్నెలకు కళాయి వేసే మహబూబ్ బీ కుటుంబం ఇంటికి. కోడలు షాహిదాకు పందొమ్మిదేళ్ళుంటాయి. తొలి కాన్పు. ఖాదర్ అని పేరు పెట్టుకున్న కొడుకు పుట్టి నెల దాటింది. మునెమ్మ మొదటిసారి వచ్చినప్పుడు పిల్లవాడు బాగా ఉన్నాడని రాసుకుంది.

తలుపు తీస్తూనే మహబూబ్ బీ నా చెయ్యి పట్టుకుంది.

"తూకం తర్వాత అమ్మా. ముందు నా కోడల్ని సూడు."

షాహిదా గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఒళ్ళు కాలిపోతోంది. ఎడమ రొమ్ము ఎర్రగా వాచి, మెరుస్తోంది. ఆకులు కట్టారు, పసుపు పట్టించారు, ఏదీ పనిచేయలేదు. మొగుడు కళాయి పని మీద పల్లెలకు పోయాడు, ఇంకా తిరిగి రాలేదు. రెండో రొమ్ము ఇప్పించి చూశాను. నీళ్ళు కూడా తాగని మనిషికి పాలెక్కడివి? పిల్లవాడు నాలుగుసార్లు లాగి వదిలేశాడు. రెండు రోజులుగా వాడికి నీళ్ళు కలిపిన ఆవుపాలు గుడ్డతో పిండి పోస్తున్నారట. అవి పడక విరేచనాలు.

నేను డాక్టరును కాదు. ఏం చేయాలో తోచక, చేతులకు అలవాటైన పని చేశాను. తక్కెడ తీసి పిల్లవాణ్ణి పడుకోబెట్టాను. మునెమ్మ రాసుకున్న బరువు కంటే తక్కువ తూగాడు. తూకం పళ్ళెం చల్లగా తగిలితే ఏ పిల్లలైనా ఏడుస్తారు. వీడు కళ్ళు కూడా తెరవలేదు.

"ఈమెను మదనపల్లి ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఇప్పుడే" అన్నాను.

మునెమ్మ నావైపు చూసింది. "మనం ఏమీ చెప్పకూడదంటిరి గదా మేడమ్మా?"

"చెప్పేశాను. బండి చూడు."

తను ఇంకేమీ అడగలేదు. వీధిలోకి పోయి, జట్కావాడితో తగువుపడి మరీ లాక్కొచ్చింది. షాహిదాను దుప్పట్లో చుట్టి, పక్కింటి పెద్దమనిషి సాయంతో ఎక్కించాం. అంత జ్వరం మనిషితో పాటు ఈ పసిగుడ్డును కూడా బస్సు గాలికి తిప్పడానికి మహబూబ్ బీ ఒప్పుకోలేదు. "వీడు నా దగ్గర ఉంటాడు. ముందు అది బతకనీ" అంది. మునెమ్మ షాహిదా తలను ఒళ్ళో పెట్టుకుంది. జట్కా బస్టాండు వైపు మలుపు తిరిగింది.

ఇంట్లో మేం ముగ్గురమే మిగిలాం. పిల్లవాడు పిల్లికూన మూలిగినట్టు సన్నగా మూలిగాడు. ఆ చప్పుడు వినగానే నా పాలు దిగాయి. కొంగు, రవిక, చీర కుచ్చెళ్ళదాకా తడిసింది. మహబూబ్ బీ అది చూసింది.

"నీకు పాలు తాగే బిడ్డ ఉండాదా?"

"ఉంది. కూతురు."

"వీడికి ఇస్తావా?"

అంత సూటిగా అడుగుతుందని అనుకోలేదు. మా ఇంట్లో ఇటువంటి ఇళ్ళవాళ్ళు వస్తే టీ ఇచ్చే గ్లాసులు వేరే ఉంటాయి. అత్తయ్య గుర్తొచ్చింది. మా పరిశోధన కూడా గుర్తొచ్చింది. నేను మాట్లాడకపోయేసరికి మహబూబ్ బీ, "తురకోళ్ళ బిడ్డ అని ఆలోచన చేస్తాండావా?" అంది.

"కాదు" అన్నాను. అది పూర్తి నిజం కాదు. చేతులు చాచి పిల్లవాణ్ణి తీసుకున్నాను.

వాడికి పట్టుకునే శక్తి లేదు. ఉగ్గుగిన్నెలోకి కాసిని పిండి, చుక్క చుక్కగా పెదవుల మీద వేశాను. మింగాడు. ఇంకాసేపటికి నాలుక ఆడించాడు. మళ్ళీ రొమ్ముకు పెట్టాను. జారిపోయాడు. మూడోసారో నాలుగోసారో పట్టాడు. పట్టాక మాత్రం వదల్లేదు. ఇల్లు వదిలినప్పటినుంచీ రాయిలా ఉన్న రొమ్ము మెత్తబడుతుంటే ఎక్కడలేని ఏడుపొచ్చింది. నొప్పి తగ్గినందుకో, తాగుతున్నది వాణి కానందుకో నాకే తెలియదు. మహబూబ్ బీ నా వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది. తాగి తాగి, నోట్లో పాలు ఉండగానే వాడు నా ఒళ్ళో నిద్రపోయాడు.

పొయ్యి మీద వాడికోసం పెట్టిన ఆవుపాలు ఉన్నాయి. వాటిలో బెల్లం వేసి గ్లాసు నా చేతికిచ్చింది. "ఇంగ ఇవి నువ్వు తాగు. బచ్చీకి ఏం పేరు పెట్టినారు?"

"వాణి."

"వాణి" అని రెండుసార్లు పలికి చూసుకుంది. "మా దాంట్లో పాలు తాగితే రక్తం మాదిరే. నువ్వు వీడికి దూద్ మా, పాలతల్లివి. వాణి వీడికి అక్క. వాళ్ళిద్దరికీ నికా కుదరదు. మా ఇంట్లో వాణి వీడి ముందర పరదా లేకుండా తిరగొచ్చు."

మా వాణికి పరదా ఏమిటి, నికా ఏమిటి? నవ్వాలనిపించింది కానీ ఆమె ముఖం చూసి నవ్వలేదు. మా వైపు కూడా పెంపుడు తల్లి ఉంటుంది, పాలిచ్చిన తల్లి అంటే గౌరవమూ ఉంటుంది. కానీ ఆ పాలతో ఎవరికి ఎవరు ఏమవుతారో ఇంత కచ్చితంగా కట్టిపెట్టుకోవడం నేను వినలేదు.

మర్నాడు కుప్పంలో తల్లులు నాకోసం ఎదురుచూస్తారు. అయినా ఆ రాత్రికి బస్సు ఎక్కకుండా అక్కడే ఉండిపోయి పిల్లవాడికి పాలిచ్చాను. కానీ నేను వెళ్ళిపోయాక? ఆ ఆలోచనతో లోపలికీ బయటికీ తిరుగుతుంటే, ఎదురింటి నాగరత్న గుమ్మంలో నిలబడి చూస్తోంది. బండి తోలేవాడి భార్య. చంకలో ఏడాది నిండని ఆడపిల్ల. పిల్లవాడికి పాలిమ్మని ఆమెను మహబూబ్ బీ అంతకుముందే అడిగిందట.

"నాకు ఇచ్చేదానికి బాధ లేదక్కా. మా అత్త వద్దంటాంది. ఇద్దరికి ఇస్తే నా బిడ్డకు సాలకుండా పోతాదంట."

"లాగేకొద్దీ ఊరుతాయి నాగరత్నా. తగ్గవు."

"నువ్వు చదువుకున్నదానివి, అట్లనే చెప్తావు. నా బిడ్డ ఎండిపోతే?"

తక్కెడ ఉంది కదా అనిపించింది. మర్నాడు పొద్దున తన పిల్లకు ఒక్కదానికే ఇమ్మని, ముందూ వెనకా తూచాను. తర్వాతి పూట ఒక పక్క ఖాదర్‌కు, రెండో పక్క తన పిల్లకు ఇప్పించి మళ్ళీ తూచాను. పిల్ల తాగింది ఇంచుమించు అంతే. ముల్లు ఎక్కడ ఆగిందో నాగరత్న వేలు పెట్టి చూసుకుని, అత్తను పిలిచి చూపించింది. అత్త తక్కెడను నమ్మలేదు. మనవరాలి పొట్ట తడిమి చూసి, "సరే, రెండు దినాలు సూద్దాం. తగ్గితే నేను ఒప్పుకోను" అంది. దానికే మహబూబ్ బీ గబగబా ఆమె చేతులు పట్టుకుంది.

పలమనేరు, వి.కోట

పలమనేరులో బస్సు మారాను. తోడుకు మునెమ్మ లేదు, పెట్టె నేనే మోసుకోవాలి. దానికి కండక్టరు లగేజీ టికెట్టు కొట్టాడు. వి.కోటలో, అంటే వెంకటగిరికోటలో, ఆ బస్సు టైరు పంక్చరై చెట్టు కింద ఆగింది. పక్కన పట్టుగూళ్ళ బుట్టలతో కూర్చున్న ఒకాయన నా పెట్టె తెరిపించి, "మా గూళ్ళు తూసి పెట్టమ్మా, వ్యాపారి నన్ను మోసం చేస్తాండాడో లేదో తెలిసిపోతాది" అని బతిమాలాడు. ఒకరికి తూచాక ఇంకొకరు, ఆ తర్వాత కోడితో ఒకామె వచ్చారు. వాళ్ళు పెట్టిన బొరుగులు తింటూ తూస్తూనే ఉన్నాను. చేతికి పని ఉంటే మనసు ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. ఒకసారి హైదరాబాదుకు పోతుంది, ఒకసారి పుంగనూరుకు. రెండు చోట్లా నేను లేను.

కుప్పం

కుప్పంలో ఒకే అరుగు మీద మూడు భాషలు వినిపిస్తాయి. అత్త తమిళంలో తిడితే కోడలు తెలుగులో జవాబు చెబుతుంది. పొరుగామె కన్నడంలో సర్దిచెబుతుంది. ముగ్గురికీ అర్థమవుతుంది, నాకు మూడో వంతు. బాలింతకు నీళ్ళు ఎక్కువ ఇవ్వకూడదన్న మాట మాత్రం మూడు భాషల్లోనూ ఉంది. మా గుంటూరులోనూ ఉంది. సలహా చెప్పకూడదన్న నియమం ఎలాగూ పుంగనూరులో తప్పాను. ఇక్కడ మాత్రం నోరు మూసుకుని తూచాను.

పని అయి స్టేషనుకు చేరేసరికి మునెమ్మ వచ్చింది. బస్సు కడుపును తిప్పేసినట్టుంది, మనిషి వాడిపోయింది. నేను అడగకముందే చెప్పింది.

"గడ్డ కోసినారు. చీము పోయినాది. జ్వరం దిగతాండాది. మొగుడు వచ్చినాడు, పక్కనే ఉండాడు."

"పిల్లవాడు?"

"పుంగనూరులో దిగి సూసే వస్తాండా. నాగరత్న దగ్గర తాగతాండాడు. ఆ అత్త ముండ పొద్దుకొకసారి మనవరాల్ని ఎత్తి బరువు సూస్తాండాది."

స్టేషన్ బెంచీ మీద కూలబడ్డాను. మునెమ్మ పక్కన కూర్చుని, వాంతికి మంచిదని కొనుక్కున్న నిమ్మకాయ నా చేతిలో పెట్టింది. బెంగళూరు బండి వచ్చేదాకా ఇద్దరం వంతులవారీగా దాన్ని వాసన చూశాం.

హైదరాబాదు

ఇంట్లో అడుగుపెట్టగానే వాణిని ఎత్తుకోబోయాను. అత్తయ్య మెడ కరుచుకుని నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. పాలిస్తే ముఖం తిప్పుకుంది. ఆ రోజంతా అంతే. మర్నాడు మధ్యాహ్నం నిద్రమత్తులో ఉండగా తనే వెతుక్కుని పట్టింది. అత్తయ్యకు పుంగనూరు సంగతి అప్పుడు చెప్పాను. అంతా విని, "ఆ తల్లి లేచి తిరుగుతోందా?" అని మాత్రం అడిగింది.

ఆఫీసులో పెద్దాయన కాగితాలన్నీ వరసగా చూసుకుంటూ వచ్చి, ఖాదర్ దగ్గర ఆగారు.

"ఇక్కడ తాగకముందు బరువు ఉంది. తాగిన తర్వాతది లేదేం?"

"వాడు తాగినవి తల్లి పాలు కావండీ. తల్లి ఆసుపత్రికి పోయింది."

"మరి ఎవరివి?"

"నావి."

ఆయన కలం మూసి నావైపు చూశారు. తర్వాత కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. అలా అయితే ఈ పిల్లవాణ్ణి లెక్కలో పెట్టుకోలేం, తీసేయాలి అన్నారు. తీసేయండి అన్నాను. పేరు మీద గీత కొట్టి, కాగితం పక్కన పెట్టారు. అయినా ఉండబట్టలేక మళ్ళీ అడిగారు.

"తక్కెడ పక్కనే ఉందిగా అమ్మా. తాగాక కూడా తూచి ఉంటే ఎంత తాగాడో తెలిసేది. ఎందుకు తూచలేదు?"

"నిద్రపోయాడండీ" అన్నాను. "లేపబుద్ధి కాలేదు."